బొంగురు గొంతుకు సరిపోయే స్పీకర్లు

కృపారాణి తిరుపతిలో టాక్సీ నడుపుతుంది. తిరుచానూరు లాడ్జీల దగ్గర భక్తుల్ని ఎక్కించుకుని కొండకు, కాణిపాకానికి తిప్పి తెస్తుంది. భర్త ఏబెల్ కాలు విరిగి పుత్తూరు కట్టుతో మంచం పట్టినప్పుడు, బంధువులు బండి అమ్మేయమన్నారు. ఆమె అమ్మనివ్వలేదు, తానే స్టీరింగ్ పట్టుకుంది. కాలు బాగై ఏబెల్ పాల వ్యాన్‌కు పోతున్నా, ఆమె బండి దిగలేదు.

రోడ్డు దుమ్ముకు, స్టాండులో అరుపులకు ఆమె గొంతు బొంగురుపోయింది. చర్చి పాటల బృందం పెద్దాయన ఒక ఆదివారం అందరి ముందే అన్నాడు: "నీ గొంతు మిగతావాళ్ళతో కలవడం లేదమ్మా. ఇంక పాడొద్దులే."

కృపారాణి ఇంటికొచ్చి, ఆ రోజు చర్చిలో పాడిన పాటనే ఒక్కతే పాడి ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఖాళీ బండిలో తిరిగొచ్చేటప్పుడు దాన్నే పెట్టుకునేది.

ఈ వేసవిలో ముందు తలుపుల్లోని స్పీకర్లు పాడయ్యాయి. ఒకటి గరగరమంటోంది, ఇంకోటి పలకడమే మానేసింది. కొత్తవి వేయించడానికి రేణిగుంట రోడ్డులో ఒక దుకాణానికి వెళ్ళింది. యజమాని రవిచంద్ర ఆమెను దాటి బండిలోకి తొంగిచూశాడు.

"ఇంట్లో మొగోళ్ళు ఎవురూ రాలేదామ్మా?"

"బండి నాది. నాతో మాట్లాడప్పా."

అతను పెద్ద స్పీకర్ల జత తెచ్చి ముందు పెట్టాడు. "ఇవి బిగిస్తే రోడ్డంతా దద్దరిల్లాల్సిందే. తలుపు రేకు రవంత కోస్తాం, అంతే."

"కోయనీను. ఉండే బొక్కలో పట్టేవి సూపీ."

సణుక్కుంటూ ఆ సైజువి తెచ్చాడు. ఒకటి అమర్చగానే కృపారాణి కిటికీ దింపి చూసింది. స్పీకరు వెనక అయస్కాంతం లావుగా ఉండడంతో అద్దం దానికి తగిలి సగంలోనే ఆగిపోయింది.

"ఏసీ ఉండాది కదమ్మా, అద్దంతో పనేముండాది?"

"కొండెక్కేటప్పుడు పిల్లోళ్ళకు కడుపులో తిప్పితే నువ్వొచ్చి అద్దం దింపుతావా? తీసెయ్."

అద్దానికి అడ్డురానివి రెండు జతలు మిగిలాయి. కృపారాణి ఫోన్ కలిపి తన పాట పెట్టింది. మొదటి జతలో గొంతు నున్నగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. రెండో జతలో ఊపిరి తీసుకోవడం, పైస్థాయిలో గొంతు జీరపోవడం, అన్నీ వినిపించాయి.

రవిచంద్ర మొహం చిట్లించాడు. "మొదటివే తీసుకోమ్మా. వీటిల్లో ఆ పాడే ఆమె గొంతు మరీ బొంగురుగా ఇనపడతా ఉండాది."

"ఆమె నేనే."

అతను తడబడ్డాడు. "అయితే మొదటివే మంచివి కదమ్మా, ఆ బొంగురు తెలీదు."

"తెలియాల. ఎండలో బండి తోలి తెచ్చుకున్న గొంతు ఇది. దాసిపెట్టేది నాకొద్దు. రెండోవే బిగించు."

అతను స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

సాయంత్రం ఇంటి ముందు బండిలో కూర్చుని ఏబెల్ పాట విన్నాడు. "బేసు లేదే?"

"లేదు. కావాలంటే నీ వ్యాన్‌లో వేయించుకో."

ఏబెల్ నవ్వి, సీటు వెనక్కి వాల్చాడు. పక్క మేడ మీదనుంచి ఎవరో సౌండు తగ్గించమని కేకేశారు. కృపారాణి తలెత్తి చూసి, ఇంకొంచెం పెంచింది.