చావడి గోడ పోస్టరు, నా పెనిమిటి పేరు

మొన్న సరిహద్దు దిక్కు గొడవలు జరుగుతున్నప్పుడు మా మనవరాలు తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. సైన్యం ఎటు కదులుతున్నదో ఎవ్వరికీ పంపవద్దని, పుకార్లు నమ్మవద్దని దాని మీద రాసి ఉంది. ఆ పిల్ల దాన్ని వేలితో పక్కకు తోసేసి ఏదో వంట వీడియో పెట్టుకొని కూర్చుంది గానీ, నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఇట్లాంటి బొమ్మే ఒకటి నా కాపురపు తొలి ఏడాదిని నాకు కాకుండా చేసింది మరి.

బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాట. కోడేరు దగ్గరి పుట్టింటి నుంచి కృష్ణ దాటి, మల్దకల్ పక్కనున్న చిన్న ఊరికి కోడలినై వచ్చాను. పటాలంలో పనిచేసే మా ఆయన, పెళ్ళి సెలవు అయిపోగానే వెళ్ళిపోయాడు. ఇంకా ముఖం కూడా సరిగ్గా గుర్తుపెట్టుకోని మనిషి కోసం బెంగపడటం ఎట్లా ఉంటుందో నా తరం ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అంతలో గద్వాల నుంచి జీపు వచ్చి చావడి గోడకు రెండు పోస్టర్లు అంటించి పోయింది. ఒకటి ఇంకా ఎక్కువ పండించమని రైతుకు చెప్పేది. వానలే లేని నేలలో ఇంకేం పండించాలని మా మామ నవ్వి ఊరుకున్నాడు. రెండోదాంట్లో ఇద్దరు ఆడవాళ్ళు బావి దగ్గర ముచ్చట పెడుతుంటే వెనకాల ఒకడు నక్కి వింటుంటాడు. సైనికుల సంగతులు ఎవరితోనూ మాట్లాడవద్దని కింద రాసి ఉన్నదాన్ని బడి పంతులు అందరికీ చదివి వినిపించాడు. అది దేశమంతటికీ వేసిన పోస్టరే, కానీ మా ఊళ్ళో సైనికుడంటే మా ఆయన ఒక్కడే కావడంతో, అది మా ఇంటి గురించే వచ్చిందని ఊరంతా నమ్మేసింది.

ఇక చూడాలి నా పాట్లు. నేను బిందె పట్టుకొని బావికి పోతే మాటలు ఆగిపోయేవి. పంచాయతీ రేడియోలో వార్తలు వస్తుంటే నన్ను చూసి గొంతు తగ్గించేవారు. మా అత్త సైతం కొడుకు మాట రాబోతే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయేది. ఆయన మీది ప్రేమతోనే అంతా చేశారు, కాదనను. కానీ ఆయన బతికున్నాడా లేడా అని కుమిలిపోతూ ఒక్కరితోనూ అనలేక నేను పడ్డ ఒంటరితనం పగవాళ్ళకు కూడా వద్దు.

అప్పుడే పక్కింట్లో పసిబిడ్డను తొట్టెలలో వేసే వేడుక వచ్చింది. కొత్త కోడళ్ళను గడపలో ఆపి, పెనిమిటి పేరు చెబితేగాని లోపలికి రానివ్వకపోవడం మన దిక్కు ఆచారం కదా. మామూలు రోజుల్లో ఆ పేరు నోట పలకం, పలికే భాగ్యం ఆ గడపలోనే. నలుగురిలో ఆయన పేరు అనవచ్చు, నలుగురి నోటా వినవచ్చు అని ఎంత ఆశపడి పోయానో. నా ముందరి వాళ్ళందరినీ ఆపి, ఏడిపించి, నవ్వి చెప్పించుకున్నారు. నా వంతు రాగానే, "ఆమెను అడుగకుండ్రి, పోనియ్యుండ్రి" అని పక్కకు జరిగారు.

గడపలో పేరు అడగకుండా పోనిచ్చేది పెనిమిటి పోయినవాళ్ళనే అని మీకు తెలుసు. అక్కడే నిలబడి, ఎవరూ అడగకపోయినా ఆయన పేరు గట్టిగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మా అత్త పరుగున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు బిడ్డా, గోడ మీద రాసిండ్రు గద" అని తానే ఏడ్చేసింది.

ఆయన మోకాలికి గాయంతో, ప్రాణంతో తిరిగి వచ్చాడు. ఈ సంగతంతా చెప్పాను. ఆ తర్వాత ఊళ్ళో ఏ వేడుక జరిగినా, నన్ను గడపలో ఆపే వేళకు ఏదో పని ఉన్నట్టు అక్కడక్కడే తిరుగుతూ, పేరు విన్నాకనే కదిలేవాడు. ఆయన పోయి కొంతకాలమైంది.

ఇప్పటి పిల్లలు మొగుణ్ణి పొద్దస్తమానం పేరు పెట్టే పిలుస్తారు, గడపలో ఆపడం వీడియోల కోసం మిగిలింది. ఈమధ్య ఒక పెళ్ళిలో కోడళ్ళందరినీ ఆపి చెప్పించి, నన్ను మాత్రం మర్యాదగా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయారు. ఈసారి వాళ్ళు పొరపాటు పడలేదు. అయినా లోపల కుర్చీలో కూర్చొని, ఎవరన్నా వచ్చి అడుగుతారేమోనని చాలాసేపు చూశాను.