కాస్క్‌గారి ‘సెల్గె’

1983లో ప్రేమజ్యోతి జెర్సీ సిటీలో ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు. చీరాల మనిషి, ఓపికకు పెట్టింది పేరు. ఆ ఓపికను కాల్చుకు తినడానికే అన్నట్టు దొరికాడు కాస్క్‌గారు. యుద్ధకాలంలో ఎస్టోనియా నుంచి వచ్చిన వడ్రంగి. డెబ్భై ఆరేళ్లు, నా అన్నవాళ్లు లేరు, కొత్తగా షుగర్. ఆఫీస్ ఇచ్చిన ఆరు విజిట్లలో ఇన్సులిన్ తనంతట తానే వేసుకోవడం నేర్చుకోవాలి. లేకపోతే ఇల్లు వదిలి వృద్ధుల హోమ్‌కు పోవలసిందే.

ఆమె నారింజపండుకు సూది గుచ్చి చూపించేది. ఆయన స్వెట్టర్ జేబుల్లో చేతులు పెట్టుకుని, “అహా” అనేవాడు. మందు ఎంత లాగాలో చెప్పేది. “అహా.” చివర్లో “సెల్గె” అని తల ఊపేవాడు. వాళ్ల భాషలో అంతా స్పష్టంగా ఉందని అర్థమట. ఆ మాటతో పాఠం ముగిసిపోయేది.

అయిదు రోజులూ సూది ఆమే వేసింది. శని, ఆదివారాలు ఆయనే వేసుకోవాలి. ఆదివారం తెలుగు చర్చిలో ఈ సంగతి విని తోటి నర్సు దెబోరా అడిగింది.

“నీ ముందు చేయించి చూశావా జ్యోతీ?”

“మా నాన్న వయసాయన అక్కా! ఎగ్జామ్ పెట్టినట్టు ఎలా అడుగుతా? అర్థమైందంటున్నాడుగా.”

సోమవారం వెళ్లేసరికి సిరంజిల ప్యాకెట్ విప్పనేలేదు. కాస్క్‌గారు కుర్చీలో వాడిపోయి ఉన్నాడు. షుగర్ ఎక్కడికో ఎక్కిపోయింది. సూది వేశాక ప్రేమజ్యోతికి ఒళ్లు మండిపోయింది.

“అర్థమైందని రోజూ ఎందుకు చెప్పారు?”

“అర్థమైంది. మీరు బాగా చెప్పారు.” ఆయన జేబుల్లోంచి చేతులు తీశాడు. రెండూ గడగడ వణుకుతున్నాయి. “ఇవే వినవు.”

“మొదటిరోజే చెప్పి ఉంటే పక్కింటావిడకి నేర్పేదాన్ని కదా!”

“చెప్పేవాళ్లకి మధ్యలో అడ్డం రాకూడదు. మీరు అడిగి ఉంటే చూపించేవాణ్ణి.”

ఆయన మీద కోపం, తన మీద అంతకు రెట్టింపు కోపం. ఆఫీస్‌కి ఫోన్ చేసి ఇంకో నాలుగు విజిట్లు ఇవ్వమని, ఆయన చేతులు వణుకుతాయని బతిమాలింది. అవతల సూపర్‌వైజర్ కాగితాలు తిరగేసింది. శుక్రవారం ప్రేమజ్యోతి పంపిన రిపోర్టును తాపీగా చదివి వినిపించింది: “రోగి పూర్తిగా నేర్చుకున్నాడు. ఇబ్బందులేమీ లేవు.”

“నేర్చుకుని కూడా వేసుకోని మనిషిని ఒంటరిగా ఉంచలేం,” అంది. “బట్టలు సర్దుకోమనండి.”