పోపుల డబ్బాలో మూడు మాత్రలు

మొన్న ఆదివారం చర్చిలో నా బతుకు ఏమైందో చూడండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, మొదటిసారి అందరి ముందూ వాక్యం చదవడానికి లేచాను. నోరు తెరిస్తే గాలి వచ్చింది! ఉత్త గాలి!

అంతకు పది రోజుల ముందు గొంతునొప్పి, జ్వరం. ద్వారకా నగర్‌లో డాక్టరుగారు రోజుకొకటి చొప్పున ఐదు మాత్రలు రాసి, "తగ్గినా ఆపకండమ్మా" అన్నారు. రెండు వేసుకునేసరికి ముద్ద కమ్మగా దిగింది. ఇంక మందెందుకు? మిగిలినవి పారేస్తామా? పోపుల డబ్బాలో మెంతుల పక్కన దాచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడాను!

గురువారం గొంతు మళ్లీ పట్టేసింది, రెండింతలు. డబ్బా తీశాను. పొదుపు చూడండి, పొద్దున సగం, సాయంత్రం సగం! ఏమీ తగ్గలేదు. శనివారం మైక్రోబయాలజీ చదివే మనవరాలు ప్రిస్సీ వచ్చి చూసింది.

"ఏటమ్మమ్మా ఇది? కోర్సు మద్దిలో ఆపీసేవా?"

"తగ్గిపోయింది కదే! దాసేను. తప్పేటి?"

"బ్యాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారుసేసే మెషినుంటాది. ఈ మందెళ్లి దానికి అడ్డం పడతాది. కానీ కొన్ని బ్యాక్టీరియాలకి పంపుంటాది, మందుని బయటికి తోడీసుకుంటాయి. కొన్నయితే మెషిన్నే కాస్త మార్సీసుకుంటాయి, ఇంక మందు దానికి అతుక్కోదు."

"ఓలమ్మో! కంటికి ఆనని నలుసుకి మోటారు పంపా! ఎవుడు నేర్పేడే దానికి? నాకు 'క్ష' రాడానికే ఆర్నెల్లు పట్టింది!"

"ఎవులూ నేర్పలేదు. అలాటి మొండివి గుంపులో ఒకటో రెండో ముందే ఉంటాయి. నువ్వు రెండు మాత్రల్తో బలం లేనివాటిని సంపీసి, వీటికి జాగా ఖాళీ సేసేవ్."

అయినా ఆదివారం వెళ్లాను. మొండితనంలో నేనేం తక్కువ? గాలి ఊదుతూ నిలబడితే, ముందు వరసలోంచి రత్నమ్మ, "పుస్తకం ఇలాగియ్యి వదినా, సినిమా మూకీ అయిపోతంది" అని లాక్కుని, తనే చదివేసింది. మూడు తప్పులు! దిద్దుదామంటే నాకు గొంతేదీ?

సోమవారం డాక్టరుగారు గొంతులో దూదిపుల్ల తిప్పి, దాన్ని టెస్టుకి పంపి, మందు మార్చారు. ఇప్పుడు ప్రిస్సీ ఎదురుగా కూర్చుని, మాత్ర మింగాక నాలుక ఎత్తించి మరీ చూస్తోంది. చీ, చంటిపిల్లలా!

సబ్బవరం పొలంలో ముప్పై ఏళ్లు నా పని అదే. పుచ్చుగింజలు ఏరి పారేసి, గట్టివి విత్తనానికి ఉంచడం. గొంతులోనూ అచ్చం అదే చేశానన్నమాట. కానీ ఇంత దిగుబడి ఆ పొలంలో ఒక్క ఏడాదీ చూడలేదండీ!