ఎడమచేతి బాణీ

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. "ఎవరిదో, పేరు తెలీదు." అంతే. దీని మీద ఎవరూ కేసు పెట్టరు. అయినా ద్వారకలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ క్లబ్‌హౌస్ ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ గుండె మీద బండ పెట్టినట్టుంటుంది. మా ఆయనకి చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, నేనెవరో మీకు తెలియదు కాబట్టి. ఈ ధైర్యం కూడా ఒక రకం పిరికితనమేనేమో.

ఆవిడ పేరు చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది రాయలేను. అప్పటిదాకా అక్క అంటాను. అలాగే పిలిచేదాన్ని.

నేను పియానో పాఠాలు చెప్తాను. చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో నేర్చుకుని, పరీక్షలన్నీ పాసై, సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించుకున్న మనిషిని. ఎదురుగా స్వరాలు రాసిన కాగితం ఉంటే ఏదైనా వాయిస్తాను. కాగితం తీసేస్తే, నేతిబీరకాయలో నెయ్యి ఎంతో నాలో సంగీతం అంత. ఈ సంగతి నాకెప్పుడో తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదనుకున్నాను. అసలు గొడవంతా అక్కడే ఉంది.

అక్క మా పక్క టవర్‌లో ఉండేది. భర్త ఆర్మీలో చేసి రిటైరై, ఇక్కడే ఫ్లాట్ కొనుక్కున్నారు. ఒక్కతే కూతురు. అక్క పుట్టి పెరిగింది వాల్తేరు రైల్వే కాలనీలో. నాన్న గూడ్సు బండి డ్రైవరు. అక్కడి రైల్వేవాళ్ళ క్లబ్బు, ఇన్‌స్టిట్యూట్ అనేవారు, అందులో డాన్సులకి పియానో వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ, పక్కింటి పిల్ల కదా అని అక్కకి బూగీ-వూగీ అనే పియానో సంగీతం నేర్పిందట. నాకు పరిచయమయ్యేనాటికి అక్కకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇల్లు మారుతూ ఎవరో క్లబ్‌హౌస్‌కి ఇచ్చేసిన పియానో ముందు కూర్చుని, ఒక మధ్యాహ్నం ఎడమచేత్తో వాయిస్తోంది. వినబడి లోపలికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

బూగీ-వూగీకి ప్రాణం ఎడమచెయ్యే. కుడిచెయ్యి ఇష్టమొచ్చినట్టు ఆడుకోవచ్చు, ఎడమచెయ్యి మాత్రం ఒకే నడకని తిప్పి తిప్పి, అలసిపోకుండా వాయిస్తూ పోవాలి. ఎందుకలాగో అక్కే చెప్పింది. అమెరికాలో అడవులు కొట్టి రైలు పట్టాలు వేసుకుంటూ పోయిన రోజుల్లో, ఆ కలప క్యాంపుల్లో నల్లజాతి కూలీలు సాయంత్రమయ్యేసరికి తాగి ఆడే కొట్టాలుండేవి. వాటిలో ఒక పాత పియానో. దానికి సగం మెట్లు పలకవు. ఆ గోలలో వినబడాలంటే గట్టిగా కొట్టాలి. చెవిలో ఎప్పుడూ మోగేది రైలు చప్పుడే కాబట్టి చేతిలోకీ అదే వచ్చింది. ఆ లైను మీద ఒక్కో స్టేషనుకి ఒక్కో ఎడమచేతి నడక ఉండేదంటారు. తర్వాత వాళ్ళు అవే రైళ్ళెక్కి పెద్ద ఊళ్ళకి వలసపోయారు. అక్కడ ఇంటద్దె కోసం ఇరుకు గదుల్లో విందులు పెట్టి, అందులో వాయించారు. రికార్డులు వచ్చాక కొందరి పేర్లు నిలిచాయి. ముందు వాయించినవాళ్ళ పేర్లు పోయాయి. ఈ మాట దగ్గరకొచ్చేసరికి అక్క ఎప్పుడూ ఆగిపోయేది. "పాపం" అనేది.

అలా మొదలైంది మా పద్ధతి. ఒకే బల్ల మీద ఇద్దరం. ఎడమచెయ్యి అక్కది, కుడిచెయ్యి నాది. నేను తప్పు వాయించి ఆగిపోతే అక్క ఆగేది కాదు. "బండి ఆగదమ్మా, నువ్వే ఎక్కాలి" అని నవ్వుతూ, నేను మళ్ళీ అందుకునేదాకా లాక్కుపోయేది. కాగితం లేకుండా వాయించడం నా జన్మలో అదే మొదలు. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఇది కూడా ఒప్పుకోవాలి.

ఒక చలికాలం అక్క తనదే ఒక బాణీ కట్టింది. దాని నడకలో ఒకచోట దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతుంది. వాల్తేరు యార్డులో బండి పట్టా మారేటప్పుడు చక్రాలు అలాగే తడబడతాయట. ఆ తడబాటు కోసం అక్క ఎంత తిప్పలు పడిందో నేను పక్కన కూర్చుని చూశాను. దొరికిన రోజు ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. బయట సెక్యూరిటీ భయ్యా ఏమైందోనని లోపలికి తొంగి చూశాడు.

ఇక నా సంగతి.

గురుగ్రామ్‌లో సంగీతం ఇష్టపడేవాళ్ళ బృందం ఒకటుంది. బూగీ-వూగీ చరిత్ర చెప్తూ వాయించి చూపించమని ఫోన్ చేశారు. ఇద్దరూ రండి అన్నారు. స్పష్టంగా, ఇద్దరూ అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అక్కకి ఒంట్లో బాలేదని వాళ్ళకి చెప్పాను. ప్రోగ్రాం ఉంటుందని ముందే విన్న అక్కకి అది రద్దయిందని చెప్పాను. అంతకు ముందు నుంచే ఇంట్లో తలుపేసుకుని ఆ ఎడమచేతి నడక ఒక్కదాన్నే సాధన చేస్తున్నాను. ఎందుకు చేస్తున్నానో అప్పుడు నన్ను నేను అడగలేదు. అడిగి ఉంటే? ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్నే. జవాబులకేం కొదవ?

ప్రోగ్రాం బాగా జరిగింది. అక్క చెప్పిన చరిత్రంతా అక్క చెప్పిన వరసలోనే చెప్పాను. పేర్లు పోయినవాళ్ళ గురించి చెప్తూ గొంతు కూడా వణికించాను. ఆ వెంటనే అక్క బాణీ వాయించాను. చప్పట్లు ఆగాక ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, ఇది చాలా కొత్తగా ఉంది, ఎవరు కట్టారు అని అడిగాడు. అక్క పేరు నా నోటిదాకా వచ్చింది. వచ్చిందని మీ ముందు ఒట్టేసి చెప్తాను. ఆ పేరు చెప్తే ఇంతసేపూ వాయించింది ఎవరి సంగీతమో అందరికీ తెలిసిపోతుంది. "పాతదండీ, ఎవరిదో, పేరు తెలీదు" అన్నాను.

నాదని చెప్పుకోలేదు కదా అని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. నిజమే, చెప్పుకోలేదు. నాదంటే ఏదో ఒకనాడు ఎవరైనా నిలదీస్తారు. ఎవరిదీ కాదంటే అడగడానికెవరుంటారు?

ఎవరో వీడియో తీశారు. అది చేతులు మారి మారి మా సొసైటీ గ్రూపులోకి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్క ఎప్పట్లాగే బల్లకి ఎడమవైపు కూర్చుని ఉంది. నా చోటు ఖాళీగా ఉంచింది.

"బాగా వాయించేవమ్మా" అంది. "ఆ తడబాటు సరిగ్గా పడింది."

నేను వెళ్ళి నా చోట కూర్చున్నాను.

"పోగ్రాం లేదన్నావు కదేటి?"

"అక్కా, అది… మళ్ళీ సడన్‌గా పెట్టారు. నిన్ను అంత దూరం తిప్పడం ఎందుకని…"

"పోనీలే. పేరు తెలీదన్నావేటమ్మా? నా పేరు మర్చిపోయేవా?"

"అక్కడివాళ్ళకి అలా చెప్తేనే బాగుంటుందనిపించింది."

అక్క నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఎడమచేత్తో పియానో మూత దించింది.

"అచ్ఛా. ఠీక్ హై" అంది.

నాతో అక్క ఎప్పుడూ తెలుగే మాట్లాడేది. హిందీ కూరగాయలవాడితో, లిఫ్ట్‌లో కనబడేవాళ్ళతో. ఆ రెండు ముక్కలతో నన్ను వాళ్ళలో కలిపేసింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత క్లబ్‌హౌస్‌కి రాలేదు. లిఫ్ట్‌లో కనిపిస్తే నమస్తే అనేది. నేను దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. రేపు వెళ్ళి కాళ్ళ మీద పడదాం అనుకుంటూ రోజులు గడిపాను. పోయిన చలికాలం అక్క మళ్ళీ జబ్బుపడి చనిపోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే, ఇది ఇద్దరు స్నేహితుల మధ్య పోయిన మాట అనుకునేదాన్ని. అయిపోలేదు. దినం నాడు వాళ్ళమ్మాయి నన్ను పక్కకి తీసుకెళ్ళింది. నోయిడాలో ఉద్యోగం. వచ్చీరాని తెలుగులో, హిందీ కలిపి అడిగింది. అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం అంచు మీద ఎడమచేతి వేళ్ళతో ఏదో వాయిస్తూనే ఉండేదట. మధ్యలో ఒక దెబ్బ ఆలస్యంగా పడేదట. "మీరు ఆ వీడియోలో వాయించిందే కదా ఆంటీ? నెట్ మొత్తం వెతికాను, ఎక్కడా దొరకలేదు. ఎవరిదది?"

ఎలా దొరుకుతుంది తల్లీ?

అక్క ఫొటో ముందు దీపం వెలుగుతోంది. ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు ఎవరికీ ఇవ్వడు. "పాతదమ్మా. ఎవరిదో, పేరు తెలీదు" అన్నాను. రెండోసారి. ఈసారి చప్పట్లు కూడా లేవు. మరి ఎందుకన్నాను? ఆ పిల్ల నా వైపు అక్క చూసినట్టు చూస్తుందని భయమేసింది. అంతకు మించి కారణం లేదు. ఆ పిల్ల థాంక్యూ ఆంటీ అంది.

ఇదంతా రాశాక ఇప్పుడు తడుతోంది. ఆ అమ్మాయికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఇక్కడ పెరిగిన మన పిల్లలు చాలామంది అంతే. ఎవరికి చెప్పాలో ఆ మనిషి చదవలేని భాషలో చెప్తున్నాను. కావాలనే చేశానా? ఏమో. ఆ పిల్ల నంబరు నా ఫోన్‌లోనే ఉంది. చదివి వినిపించొచ్చు. వినిపిస్తానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

క్షమించమని అడగడానికి అక్క లేదు. మీరు క్షమించినా అది చెల్లదు. కానీ ఒక్కచోటైనా నిజం రాసి ఉండాలి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే, నాకూ తెలుసు. అయినా రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. నా పేరు ఇక్కడ ఉండదు.

ఆ బాణీ పాతది కాదు. ద్వారకలో, ఒక క్లబ్‌హౌస్‌లో, ఒక చలికాలం, ఒంటి చేత్తో కట్టింది. కట్టినావిడ పేరు రత్నకుమారి.