తెల్లగా తోమిన సీసాలు

పులుసు కోసం చింతపండు పిసుకుతుంటే ఆ పుల్లటి వాసన ముక్కుకు తగులుతుంది. అంతే, నా చెయ్యి ఆగిపోతుంది. ఖానాపురం హవేలిలో మా వంటింటి కిటికీ అవతల ఆటోల రొద సాగుతూనే ఉంటుంది, పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతుంటాయి, నేను మాత్రం మణుగూరు అవతల అడవిలో ఒక బడి అరుగు మీద ఉంటాను. "మళ్ల మీ మేడం యాదికొచ్చిందా?" అంటాడు మా ఆయన. ఆయనకు కూడా నేను సగమే చెప్పాను. వసుంధర మేడం గారిని ఎన్నడూ చూడని మీకు చెప్పాలంటే నా తప్పుతో సహా చెప్పక తప్పదు.

ఎనభైల మధ్యలో నేను ముత్యాలగూడెంలో టీచర్ని. వాగు ఒడ్డున కొన్ని కోయ ఇళ్లు, ఒకే గది బడి, ఆ బడికి నేనొక్కదాన్నే. మేడం గారు హైదరాబాదులోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంతో కలిసి ఆమె ఒక పరిశోధన మొదలుపెట్టారు. అడవి ఊళ్ల పిల్లలే తమ వాగు నీళ్లను వారం వారం కొలవాలి, ఆ అంకెలు అక్కడా ఇక్కడా కంప్యూటర్లకు ఎక్కాలి. మొదటి రోజు జీపు బ్యాటరీకి తీగలు కలిపి, కిటికీలకు గోనెసంచులు కట్టించి, స్లైడ్ ప్రొజెక్టర్‌తో మా బడి గోడ మీద మా వాగునే చూపించారు. పిల్లలు కెవ్వుమన్నారు. సోమయ్య మనవరాలు లచ్చి పరుగున వెళ్లి గోడ తడిసిందేమోనని అరచేత్తో తడిమింది. రెండేళ్లుగా ఆ పిల్లలతో 'నీటికి రంగు లేదు, రుచి లేదు' అని వల్లె వేయిస్తున్నాను కదా, ఆ రోజు నా మీద నాకే చిరాకేసింది.

మేడం గారు చీర ఎగదోపి, రబ్బరు చెప్పులతో వాగులోకి దిగేవారు. నీళ్లలో పులుపెంతో చూపే చిన్న మీటరును పిల్లల చేతికే ఇచ్చేవారు. పగిలితే పగులుతుందిలే అనేవారు. నన్ను ఆమె మార్చింది మాత్రం ఒక దొంగ అంకె దగ్గర. ఒక సోమవారం నాకు జ్వరమొచ్చి వాగు దాకా పోలేదు. పోయిన వారం అంకెనే మళ్లీ రాసి పంపేశాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. ఆమె చూశారు.

"ఆ వారం గట్టి వాన పడింది సరోజా. కింది ఊరి అంకె మారింది, నీది మారలేదు. వాగుకు వెళ్లావా?"

"పోలే మేడం. జరమొచ్చింది."

"అయితే జ్వరం, వెళ్లలేదు అని రాయి. అందులో సిగ్గేముంది? నువ్వు కల్పించిన ఒక్క అంకె దొరికిందంటే పిల్లలు కొలిచినవన్నీ అబద్ధమైపోతాయి."

తిట్టలేదు. పక్కన కూర్చుని నా చేత్తోనే కొట్టేయించి, నా చేత్తోనే రాయించారు. అప్పటిదాకా బడికి రాని పిల్లలకు కూడా హాజరు వేసే మనిషిని నేను. ఆ తర్వాత వేయలేదు. హాజరు తగ్గిపోయిందని ఇన్‌స్పెక్టర్ చేత నానా మాటలు పడ్డాను, అయినా వేయలేదు.

ఆ మరుసటి ఏడు వాగు ఎగువన ఒక చిన్న కార్ఖానా వెలిసింది. ముగ్గురాయిని యాసిడ్‌తో కడిగి తెల్లబరుస్తారక్కడ. ఆ కడుగునీళ్లన్నీ వాగులోకే. నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి, చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి, పిల్లల కాళ్లకు పుండ్లు లేచాయి. గూడెంలో చేతిపంపు లేదు. తాగినా, వండుకున్నా ఆ వాగే దిక్కు. గూడెం పెద్ద సోమయ్య బడికొచ్చి నిలబడ్డాడు.

"టీచరమ్మా, మా పోరగాళ్లు వారం వారం రాస్తున్నరు గద. గా కాయితాలు సర్కారుకు జూపియ్యరాదు? మేం జెప్తే ఎవలు ఇంటరు?"

అప్పటికే మీటరు పాడైంది. వాగు నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి మేడం గారి ల్యాబుకు పంపుతున్నాం. ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపు, సీసాకు ఇంకేదీ తగలనివ్వకు అని ఆమె ఖచ్చితంగా చెప్పారు. కానీ సీసాల అడుగున తుప్పు మరకలు పట్టాయి. జర్మనీ ప్రొఫెసర్ ఒకాయన మా బడి చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. అంత దూరం నుంచి వచ్చే మనిషికి మురికి సీసాలు చూపిస్తామా? మా అమ్మ పండుగ ముందు చర్చిలోని ఇత్తడి పళ్లేలను చింతపండుతో తోమేది. నేనూ సీసాలకు చింతపండు పట్టించి, పీచుతో తోమి తళతళలాడించాను. ఆయన వచ్చి, సీసా ఒకటి చేతిలోకి తీసుకుని ఏదో అంటే మేడం గారు నవ్వి, "నీ సీసాలను మెచ్చుకుంటున్నాడు" అన్నారు. ఎంత మురిసిపోయానో! ఇక ప్రతి వారం తోమడమే. ఉన్నది ఉన్నట్టు రాయడం నేర్చుకున్నదాన్నే, ఇది కూడా రాయాల్సిన సంగతేనని నా మట్టిబుర్రకు తట్టలేదు. గిన్నె కడిగానని ఎవరైనా రాసుకుంటారా?

సోమయ్య ఆ అంకెలతో సర్కారుకు పెట్టిన అర్జీ మీద ఒక ఆఫీసర్ వచ్చి మా బడిలోనే విచారణ పెట్టాడు. మన పని కొలవడం వరకే, గొడవల్లోకి పోవద్దని విశ్వవిద్యాలయంలో పైవాళ్లు వారించారట. అయినా మేడం గారు కంప్యూటర్ గీసిన పటం చంకన పెట్టుకుని వచ్చారు. నీళ్లలో పులుపు పెరిగేకొద్దీ కిందికి దిగే గీత అది; గోడకు కట్టిన ఆ పటంలో కార్ఖానా వచ్చిన నెల నుంచి జారిపోతోంది. గూడెం గూడెమంతా దాన్నే చూస్తూ కూర్చుంది. కార్ఖానా వాళ్లు పిలిపించిన నిపుణుడు పటం వైపు చూడనైనా లేదు. బల్ల మీది సీసా ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఇన్ని నెలల సంది తుప్పు నీళ్లు నింపుతున్నమంటున్నరు. మరి సీసాలు ఇంత తెల్లగ ఎట్లున్నయి? దేంతోటి కడుగుతున్నరు?"

చేసిన పనేమిటో నాకు అప్పుడు అర్థమైంది. మేడం గారి వైపు చూశాను. ఆమె తల వంచుకుని నేల చూస్తున్నారు. నా వల్ల సిగ్గుపడ్డారనుకున్నాను. వెనక నుంచి సోమయ్య, "జెప్పుండ్రి టీచరమ్మా" అన్నాడు ధీమాగా. వాగు నీళ్లతోనే అంటే సరిపోయేది. రెండు మాటలు.

"చింతపండుతోటి సార్" అన్నాను.

"మరి పులుపు వాగుల ఉన్నదా, సీసల ఉన్నదా?" అన్నాడాయన, ఆఫీసర్ వైపు తిరిగి.

అప్పుడు మేడం గారు లేచారు. ల్యాబులో ఈ నీళ్లలో తేలిన ఇనుము చింతపండు నుంచి రాదన్నారు, తొలిచాక మిగిలే పులుపుతో గీత అంతగా పడదన్నారు, చివరికి గొంతు చించుకుని, "బయటికొచ్చి వాగు చూడండి సార్, ఎర్రగా కనిపిస్తోంది!" అన్నారు. "కంటితోటి చూసింది నేను రాసుకోలేను మేడం, సరైన పరీక్ష కావాలె" అంటూ ఆఫీసర్ ఫైలు మూశాడు. బయట సోమయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వన్న మా దిక్కుంటవనుకున్న బిడ్డా" అని వెళ్లిపోయాడు.

మళ్లీ కొలవడానికి వ్యవధి లేకపోయింది. ఆ ఏడాదితో పరిశోధన ముగిసింది. జర్మనీ వాళ్లు మా గూడెం అంకెలన్నీ తీసేశారు, పిల్లలు మీటరుతో కొలిచినవి కూడా. ఆ ఎండాకాలం లచ్చి వాంతులు, విరేచనాలతో పోయింది. ఆ నీళ్ల వల్లనేనా అంటే నేనేం చెప్పను? నాలుగేళ్లలో గూడెం ఖాళీ అయింది. కొందరు మణుగూరుకు కూలికి పోయారు, కొందరు ఇంకా లోపలి అడవికి వెళ్లారు. పిల్లలు లేని బడికి టీచరెందుకని నన్నూ బదిలీ చేశారు.

తొంభైల చివర్లో మేడం గారికి బాగాలేదని తెలిసి హైదరాబాదు వెళ్లాను. మంచంలో బాగా చిక్కిపోయి ఉన్నారు. అన్నేళ్లుగా దాచుకున్న మాట ఆ రోజు కక్కేశాను.

"నా నోటి వల్లనే గూడెం పోయింది మేడం."

ఆమె మెల్లగా అన్నారు. "ఆయన నిన్ను అడిగినప్పుడు, నువ్వు అబద్ధం చెప్తే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాను సరోజా."

నాకు కోపం ముంచుకొచ్చింది. "మరి ఒక్కసారి నా దిక్కు చూస్తే ఏం పోయె మేడం? కంటితోటి సైగ చేసినా చెప్పేదాన్ని గద!"

"తెలుసు. నేను చూస్తే చెప్పేదానివి. అందుకే చూడలేదు."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను రిటైరయ్యాను. నా దగ్గర చదివిన పిల్లలు ఎక్కడ కనిపించినా, మీరు మాకు నిజం చెప్పడం నేర్పారు టీచర్ అంటారు. తలూపుతాను. ఆ రోజు నా వైపు చూడనందుకు ఆమెకు దండం పెట్టాలో, జన్మలో క్షమించకూడదో నాకింతవరకూ తేలలేదు. అదే విచారణ మళ్లీ జరిగి, అదే ప్రశ్న ఎవరైనా నన్ను మళ్లీ అడిగితే మాత్రం, దేవుడు నన్ను మన్నించుగాక, నేను అబద్ధమే చెబుతాను.