వదిన లాప్‌టాప్

ఆ వీధిలో అందరూ ఆమెను స్క్రూల అక్క అనేవారు. టైపింగ్ నేర్పే సంస్థలో పనిచేస్తున్నప్పుడు, అక్కడ మొరాయించిన కంప్యూటర్లను విప్పి చూడటం ఆమెకు అలవాటైంది. సంస్థ మూతపడ్డాక మెట్ల కింద ఇరుకు గది అద్దెకు తీసుకుని లాప్‌టాప్ రిపేరు దుకాణం పెట్టింది. పని శుభ్రంగా చేసేది, నోరు మాత్రం కాస్త దురుసు. కీబోర్డు మీద కాఫీ ఒలకబోసుకుని "దానంతటదే ఆగిపోయింది" అని బుకాయించే వాళ్లకు, లోపల జిగురు కట్టిన చక్కెరను గోటితో గీకి మరీ చూపించేది.

ఆమె ప్రాణం తోడేసింది మాత్రం సొంత వదిన లాప్‌టాపే.

వదిన ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పేది. పాఠం మధ్యలో ఉన్నట్టుండి స్క్రీను చీకటైపోయేది. వదినా ఆడపడుచులకు మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో ఫ్రిజ్ ఏ గోడకు పెట్టాలన్న దగ్గర రాజుకున్న గొడవ, ఇళ్లు వేరయ్యాక కూడా చల్లారలేదు. అందుకని లాప్‌టాప్ మోసుకుని అటూ ఇటూ తిరిగే పని అన్నయ్య నెత్తిన పడింది.

"చెల్లాయ్, మళ్లీ పోయింది."

"ఎలా పోయింది? పక్కన చిన్న లైటు ఆరిపోయిందా, మిణుకుమిణుకుమంటోందా?"

"పోయిందంటే పోయిందే. నల్లగా అయిపోయింది."

"లైటు సంగతి అడుగుతున్నా, అన్నయ్యా!"

"అదేదో మీ వదిన్ని అడగాలి."

"అడుగు మరి!"

అడుగుతాననే వెళ్లేవాడు. ఇంటికెళ్లేసరికి మరిచిపోయేవాడు.

వేడెక్కి ఆగిపోతోందేమోనని ఆమె మొదట ఫ్యానులో దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తీసి కొత్తది రాసింది. ఇంకోసారి ర్యామ్ ఊడదీసి, తుడిచి బిగించింది. ఆఖరికి బ్యాటరీ కూడా మార్చేసింది. దుకాణంలో ఉన్నంతసేపూ లాప్‌టాప్ బుద్ధిగా పనిచేసేది. వదిన ఇంటికి వెళ్లగానే కథ మళ్లీ మొదటికొచ్చేది.

"చేతకాకపోతే చేతకాదని చెప్పమంటోంది మీ వదిన" అన్నాడు అన్నయ్య ఒకసారి, సంచి బల్ల మీద పెడుతూ. లైటు సంగతి గుర్తుండదు గానీ, ఇలాంటివి మాత్రం పొల్లుపోకుండా మోసుకొచ్చేవాడు.

స్క్రూల అక్కకు ఒళ్లు మండిపోయింది. "ఆవిడనే వచ్చి కూర్చోమను. నా కళ్ల ముందు పోతేనే దాన్ని ముట్టుకుంటా. లేకపోతే ఇక తేకు."

మర్నాడు వదిన వచ్చింది. పలకరింపు లేదు. ముఖం గంటు పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ప్రశ్నపత్రం టైపు చేయసాగింది. ఎందుకైనా మంచిదని అన్నయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. కాసేపటికి వదిన ఎడమచెయ్యి కీబోర్డు కింది అంచున ఆనింది. స్క్రీను ఠక్కున నల్లబడింది.

"చూశావా? ఇదే!" అంది వదిన, మాటల్లేవన్న సంగతి మరిచిపోయి.

స్క్రూల అక్క లైటు చూసింది. మిణుకుమిణుకుమంటోంది. అంటే లాప్‌టాప్ ఆగిపోలేదు, ఎవరో మూత వేశారనుకుని నిద్రపోతోంది. ఆమె చూపు వదిన మణికట్టు మీద పడింది. వాచీ పట్టీ, చివర అయస్కాంతంతో అతుక్కునే రకం.

"వదినా, ఆ వాచీ ఒక్కసారి తియ్యి."

వాచీ తీసేస్తే లాప్‌టాప్ చక్కగా పనిచేసింది. పట్టీని అంచు దగ్గరకు తెస్తే మళ్లీ నల్లబడింది.

"మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఈ ఎడమ అంచు మీదికొస్తే మూత పడిందని దీనికి తెలుస్తుంది. నీ పట్టీ తగిలినా అలాగే అనుకుంటోంది."

"అంటే తప్పు నాదంటావు."

"అలా అన్నానా? అనవసరంగా బ్యాటరీ మార్చింది నేనేగా! ఇంతకీ ఈ వాచీ ఎక్కడిది?"

"మీ అన్నయ్యే కొన్నారు."

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు.

"ఎప్పుడు కొన్నావు?"

అన్నయ్య తల గోక్కున్నాడు. "లాప్‌టాప్ ఇలా అవడం మొదలైంది చూడు... అప్పుడే అనుకుంటా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

వదిన వాచీని కుడిచేతికి మార్చుకుని వెళ్లిపోయింది. బాగుచేశావన్న మాట ఒక్కటీ అనలేదు. కానీ వారం తిరక్కుండానే తనే ఫోన్ చేసింది. ప్రింటరు కాగితాలు నమిలేస్తోందట. అది మొదలుపెట్టి పిల్లల అల్లరి, పక్కింటివాళ్ల మోటారు రొద దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. స్క్రూల అక్క ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, వేరెవరిదో కీబోర్డు తుడుస్తూ ఉసూరుమంది.

"సరే వదినా, తీసుకురా. అన్నయ్య చేత మాత్రం పంపకు."