జనం దిక్కు తిరిగిన మైకు

సూరత్ యూనివర్సిటీ హాల్లో ఏ కార్యక్రమం జరిగినా మైకులు చూసే రాజనర్సు ఒక మైకును జనం దిక్కు తిప్పి పెడతాడు. వేదిక మీద ఎన్ని మైకులున్నా సరే, ఆ ఒక్కటి కుర్చీల వైపే చూస్తుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎందుకని అడిగితే, "సోమలింగమన్న నేర్పిండు" అంటాడు. ఆ నేర్పడం ఎంత పని చేసిందో రాజనర్సుకే తెలుసు.

సోమలింగం అక్కడి సాంస్కృతిక విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతోళ్లుండే సూరత్ లింబాయత్ పేటలో, సాంచాల, అంటే మరమగ్గాల, టకటకల నడుమ పుట్టి పెరిగినవాడు. గుమస్తాగా చేరి, చివరికి ఆ విభాగమంటే ఆయనే అన్నట్టయ్యాడు. గర్బా ఆడించాడు. ఒడియా కార్మికుల భజన పెట్టించాడు. ఖవ్వాలీ వాళ్లను, లావణి వాళ్లను వెతికి వెతికి తెచ్చాడు. బొమ్మల పటం చూపిస్తూ చెప్పే తన నేతోళ్ల పటం కథను మాత్రం ఒక్కసారీ వేదిక ఎక్కించలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఎవరో "ఇక తెలంగాణోళ్లదే రాజ్యం" అని ఎత్తిపొడిచారట. ఆ ముల్లు దిగబడిపోయింది. తల్లి వజ్రమ్మ బతికున్నన్నాళ్లూ అడిగేది, "ఊరందరి పెండ్లికి పందిరేస్తవు, మనింటి పెండ్లికి గుంజ దొరకదా కొడుకా?" అని.

రిటైరయ్యే ఏడు ఆ గుంజ పాతాలనుకున్నాడు. రెండువేల ఇరవై, శ్రావణ పున్నమి. పటం కథ చెప్పే కూనపులి రాజలింగం జగిత్యాల వైపు నుంచి రావాలి. ఈలోగా కరోనా వచ్చిపడింది. రైళ్లు ఆగాయి, హాలుకు తాళం పడింది, లింబాయత్ సగం ఊళ్లకు వెళ్లిపోయింది. పెద్దసార్లు రద్దు చేసుకోమన్నారు. నెలాఖరుకు సోమలింగం ఉద్యోగం ముగుస్తుంది, మరుసటేడు ఆయన చేతిలో లేదు. తిరిగి తిరిగి, బతిమాలి బతిమాలి ఒప్పించాడు. హాల్లో ఇద్దరే ఉండాలి, మిగతా వాళ్లంతా ఫోన్లలో చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు తను, రెండోవాడు మైకుల రాజనర్సు.

పున్నమి నాడు పొద్దున పదింటికి, మూడు వందల ఖాళీ కుర్చీల ముందు, తెర మీద రాజలింగం కనిపించాడు. ఊళ్లో ఆయనింటి గోడకు పొడుగాటి బొమ్మల పటం వేలాడుతోంది. కొబ్బరికాయ కొట్టాడు. ఒకసారి కాయ కొట్టి పటం విప్పితే కథ ఒడిసేదాకా చుట్టకూడదు. నడుమ ఆగితే చెప్పినవాడికీ మంచిది కాదు, చెప్పించినవాడికీ మంచిది కాదు.

రాజనర్సుకు ఇరవై రెండేళ్లుగా శత్రువు ఒకటే, మైకులో పడే అడ్డమైన చప్పుడు. హాల్లో దగ్గినవాణ్ని కూడా ఉరిమి చూసేవాడు. ఆ రోజు ఫోన్లలో చేరినవి రెండు వందల పైచిలుకు ఇళ్లు, ఒక్కో ఇంట్లో ఒక్కో లొల్లి. అందరినీ ఒక్క నొక్కుతో మ్యూట్‌లో పెట్టేశాడు. రాజలింగం గొంతు అద్దంలా పలికింది. ఇంత శుభ్రమైన సౌండు తన సర్వీసులోనే లేదని మురిసిపోయాడు.

రాజలింగం నాలుగు మాటలు చెప్పి ఆగాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు. చేతిలోని బెత్తం మొదటి బొమ్మ మీదే నిలిచిపోయింది. లైను పోయిందా అని సోమలింగం అడిగాడు. అంతా బాగుందని రాజనర్సు చెప్పాడు.

"అయ్యా, ఉన్నరా? గోడకు చెప్తున్ననా నేను?" అన్నాడు తెర మీది ముసలాయన. "ఊ కొట్టేటోళ్లు లేంది నాకు కథ నోట్లెకెల్లి రాదు. మా నాయిన గట్ల నేర్పలే."

సోమలింగం ఒక్కడే గట్టిగా ఊ కొట్టాడు. ఖాళీ హాలు ఆ ఊను తిరిగి ఆయన మీదికే విసిరింది. రాజలింగం తల అడ్డంగా ఊపి, ఇక చుట్టేద్దామన్నట్టు పటం అంచు మీద చెయ్యి వేశాడు.

రాజనర్సు సోమలింగం వైపు చూశాడు. తిడతాడనుకున్నాడు. సోమలింగం తిట్టలేదు.

"తమ్మీ, సగం కథను నువ్వే బంద్ చేసినవ్. ఇడువు."

"లొల్లయితదన్నా."

"ఆ లొల్లే గావాలె. ఇడువు."

నొక్కాడు. రెండు వందల ఇళ్లు ఒక్కసారిగా హాల్లోకి దూకాయి. కుక్కర్ల విజిళ్లు, సాంచాల టకటక, అన్నం వద్దని గుజరాతీలో ఒక పిల్ల ఏడుపు. వాటన్నిటి మీదుగా లింబాయత్ సారక్క అనే ముసలమ్మ గొంతు లేచింది. "బయటికి పోతే మూతికి మాస్కన్నరు, ఇంట్ల కూసుంటే గూడ నోరు మూసిండ్రు. ఎంతసేపాయె నేను ఊ కొట్టవట్టి! ఇనవడ్తలేదా పెద్దమనిషీ?"

"ఇప్పుడు ఇనవడ్తున్నది తల్లీ" అన్నాడు రాజలింగం. బెత్తం కదిలింది.

ఇక కథ ఆగలేదు. సూరత్ ఊ కొడితే, సిగ్నల్ జాగుతో కాసేపటికి పల్లెల ఊ వచ్చేది. అలకు అల తగిలినట్టు ఊ వెనక ఊ. మొదటి మగ్గం పుట్టిన ఘట్టం రాగానే ఎవరో ఒకతను తన ఫోనును ఆడుతున్న సాంచా పక్కన పెట్టాడు. పాత రాజనర్సు అయితే ఆ చప్పుడు గొంతు నులిమేవాడే. ఇప్పుడు వాల్యూమ్ పెంచాడు. ముసలాయన ఒక క్షణం చెవి ఒగ్గి, ఆ టకటకకే తాళం కలిపి పాట ఎత్తుకున్నాడు. సోమలింగం కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. కథ ఒడిసేదాకా మళ్లీ కూర్చోలేదు.

ఒంటిగంటకు హారతి పట్టి, రాజలింగం పటాన్ని కింది నుంచి నిదానంగా చుట్టాడు.

రాజనర్సు రిజిస్టర్ తెరిచి, ప్రేక్షకులు అని ఉన్న గడిలో "ఇద్దరు" అని రాయబోయాడు. సోమలింగం పెన్ను పట్టుకుని ఆపాడు.

"ఇండ్లు రాయి తమ్మీ, రెండువందల పదహారు. గుంజ ఒక్కటే పాతినం గని, పందిరి జగిత్యాల దాకా పోయింది."